ప్రవాసాంధ్ర కుటుంబములు – పౌరసత్వ శాసనములు

ఆంధ్రుల విదేశవలసలను గూర్చి ఇదివరకు వెలువడిన రచనలు కూలియొప్పందములను, ఓడప్రయాణములను, చెరకుతోటలలోని కష్టములను విపులముగా వర్ణించినవి. ఐనను ఆ వలసలలో ఒక ముఖ్యాంశమునకు తగినంత పరిశీలన జరుగలేదు. దంపతులలో ఒకరికి ఒక దేశమున నివసించు హక్కు కలిగి, రెండవవారికి ఆ హక్కు లేనప్పుడు ఆ కాపురము ఏ తీరున నడచినది? దీనికి సమాధానము ప్రభుత్వముల శాసనములలోను, న్యాయస్థానముల తీర్పులలోను, ఓడరేవుల దస్త్రములలోను చెల్లాచెదరుగా నున్నది. దక్షిణాఫ్రికాలోని నేటాలు చరిత్రను ప్రధానముగాను, బర్మా అమెరికా దేశముల చరిత్రను అనుబంధముగాను గ్రహించి ఆ విషయమును విచారించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. బళ్లారిసీమ: ఎల్లలు, పెండ్లిండ్లు

ఈ విచారణకు బళ్లారిసీమ సహజమైన ఆరంభస్థానము. 1800వ సంవత్సరమున నిజాము ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీకి దత్తము చేసెను. నాటినుండి బళ్లారి మూడు ప్రభుత్వముల నడుమ నిలిచినది. తుంగభద్రకు ఆవలి గట్టున నిజాము రాజ్యము, దక్షిణమున మైసూరు సంస్థానము, జిల్లా నడుమ సండూరు సంస్థానము నుండగా, తక్కిన నేల చెన్నపురి ప్రభుత్వమునకు లోబడియుండెను. ఇంటిలో తెలుగు, అంగడిలో కన్నడము మాటలాడు కుటుంబములు ఈ మూడు ప్రభుత్వముల నేలలలోను బంధుత్వములు కలుపుకొనుచుండెడివి. పిల్లనిచ్చునప్పుడు కులగోత్రములను, నక్షత్రములను, భూవసతిని విచారించిరే గాని, పిల్ల ఏ రాజు ప్రజయగునని విచారించినవారు అరుదు.

ఐనను చట్టము ఆనాడే ఈ విషయమున ఒక మాట చెప్పియుండెను. హైదరాబాదు రాజ్యమున 1919లో ఏర్పడిన ముల్కీ నిబంధనల ప్రకారము ముల్కీ యొక్క భార్య ముల్కీగా పరిగణింపబడుచుండెను. అనగా బళ్లారిలో పుట్టిన కన్య ఏరు దాటి ముల్కీయింట మెట్టినచో, పదునైదేండ్ల నివాసమును చూపనక్కర లేకయే ఆ రాజ్యమునకు చెందినదయ్యెను. ఆమె స్థితి ఆమె పుట్టుకను బట్టి గాక, మెట్టినింటిని బట్టి నిర్ణయమయ్యెను. వినుటకు ఇది మన గృహ్యాచారమునకు దగ్గరగానే యున్నది. కాని ఈ సూత్రము మనది మాత్రమే కాదు. 1914వ సంవత్సరపు బ్రిటిషు జాతీయతా చట్టము బ్రిటిషు ప్రజ యొక్క భార్యను బ్రిటిషు ప్రజగాను, విదేశీయుని భార్యను విదేశీయురాలిగాను పరిగణించెను. సామ్రాజ్యమంతటను భార్య భర్తకు నీడ వంటిదను భావమే శాసనమై నిలిచినది. భర్తకు స్థానమున్నచోట భార్యకు ఆ నీడ మేలు చేసెను. భర్తకే స్థానము లేనిచోట ఆమెకును నిలువ నీడ లేకపోయెను.

1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా చీలినది. ఆలూరు, ఆదవాని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు చేరినవి. తక్కిన తాలూకాలు మైసూరులో కలిసినవి. వివాదాస్పదమైన బళ్లారి తాలూకా జస్టిసు మిశ్రా నివేదికను అనుసరించి మైసూరునకే పోయెను. ధర్మవరము కృష్ణమాచార్యులవారు, కోలాచలము శ్రీనివాసరావుగారు తెలుగు నాటకములు రచించి ఆడించిన పట్టణము, బళ్లారి రాఘవగారి పురము, ఆంధ్రమునకు వెలుపల నిలిచినది. ఎందరో తెలుగువారికి అది మనస్తాపము కలిగించిన మాట వాస్తవము. ఐనను ఆ విభజనము వలన ఏ కాపురమును చెదరలేదు. రాయదుర్గపు కోడలు బళ్లారికి వచ్చుటకు ఎవరి యనుమతియు అక్కరలేకపోయెను. భారత సంవిధానము దేశమంతటికిని ఒకే పౌరసత్వమును నెలకొల్పుటయే దీనికి కారణము. ఆ మేలు ఎంతటిదో తెలియవలెనన్న, అదే 1953వ సంవత్సరమున సముద్రమునకు ఆవల జరిగినదానిని చూడవలెను.

2. నేటాలు: గుర్తింపులేని పెండ్లి

చెన్నపట్టణమునుండి బయలుదేరిన 'ట్రూరో' అను ఓడ 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన డర్బను రేవును చేరెను. నాటినుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది ఒప్పందకూలీలు నేటాలునకు పోయిరి. వారిలో సుమారు మూడింట రెండువంతులు చెన్నపట్టణపు రేవునుండి పోయినవారు. గంజాము, విశాఖపట్టణము, గోదావరి, ఉత్తరార్కాటు జిల్లాల తెలుగువారు వారిలో గణనీయముగా నుండిరి.

ఓడ జాబితాలలో ప్రతి కూలికిని ఒక అంకె, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము వ్రాయబడినవి. భర్తకు ఒక అంకె, భార్యకు వేరొక అంకె. ఇంటిపేరునకు మాత్రము ఆ పట్టికలో గడి లేదు. తెలుగువానికి గోత్రముతో పాటు వంశమును తెలుపునది ఇంటిపేరు. ఏ ఇంటికి ఎవరు కావలసినవారో, ఎవరితో వియ్యమందవచ్చునో, ఎవరితో అందరాదో దానినిబట్టియే తెలియును. ఆ ఒక్క గడి లేనందున రెండు తరములలో ఎన్నో కుటుంబములకు తండ్రిపేరో, కులబిరుదమో ఇంటిపేరై పోయినది. తరువాతి కాలమున స్వదేశములోని భార్యను పిలిపించుకొనదలచిన వానికి, ఆమె తన భార్యయే యని రుజువు చేయుటలో ఈ లోపము పెద్ద అడ్డంకి యయ్యెను.

ఒప్పందము గడువు ఐదేండ్లు. గడువు తీరిన పిమ్మట అచటనే నిలిచిపోవువారిని నిరుత్సాహపరచుటకు 1895లో సాలునకు 3 పౌనుల పన్ను విధింపబడెను. 1903లో అది పెరిగిన బిడ్డలకును వర్తింపజేయబడినది. ఇట్లు భర్త, భార్య, వయసువచ్చిన కొడుకు, కూతురు గల ఇంటికి పన్నెండు పౌనుల భారము పడెను. 1897వ సంవత్సరపు ప్రవేశనిరోధ చట్టము స్వేచ్ఛగా వచ్చు వలసవారికి ఐరోపాభాషలో వ్రాయగల పరీక్షను పెట్టినది. ప్రవేశార్హత గలవాని భార్యకును, మైనరు బిడ్డలకును ఆ పరీక్ష లేదు. అందుచేత అధికారుల దృష్టి భర్త అర్హతనుండి మరలి, వచ్చిన స్త్రీ నిజముగా భార్య యగునా కాదా యను ప్రశ్నపై నిలిచినది.

ఆ ప్రశ్న 1913వ సంవత్సరము మార్చి 14వ తేదీన కేపు ప్రాంతపు ఉన్నతన్యాయస్థానములో తీవ్రరూపము దాల్చినది. క్రైస్తవవిధిని జరుగని, ప్రభుత్వమువద్ద నమోదు కాని వివాహమును ప్రవేశచట్టమునకు సంబంధించినంతవరకు వివాహముగా అంగీకరింప వీలులేదని జస్టిసు సర్లు తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యము ఒక మహమ్మదీయుని భార్యకు సంబంధించినదైనను, దాని ఫలితము హిందువులకును, పారసీకులకును సమానముగా తగిలినది. అగ్నిసాక్షిగా ఏడడుగులు నడచినను, జీలకర్రబెల్లము పెట్టి మంగళసూత్రము కట్టినను, ఊరంతయు తలంబ్రాలు చూచినను, ఆ వధువు రేవులో భార్య కాకపోయెను. తల్లి భార్య కానప్పుడు బిడ్డల వారసత్వమును సందేహాస్పదమే.

ఈ అవమానము అంతవరకు ఉద్యమమునకు దూరముగా నున్న స్త్రీలను ముందునకు తెచ్చెను. 1913 సెప్టెంబరులో కస్తూరిబాయి తోడి సత్యాగ్రహులతో అనుమతి లేకయే నేటాలునుండి ట్రాన్సువాలులో ప్రవేశించి మూడు మాసముల కఠినశిక్షను పొందెను. ట్రాన్సువాలునుండి న్యూకాసిలు బొగ్గుగనులకు వచ్చిన దక్షిణదేశపు స్త్రీలు కార్మికులను పని మాన్పించిరి. అచటి సమ్మె చెరకుతోటలకు ప్రాకినది. 3 పౌనుల పన్నును రద్దు చేయవలెననుట, వివాహములను గుర్తింపవలెననుట ఆ పోరాటములోని ప్రధానమైన కోర్కెలు. ఒకటి కూలికి, రెండవది కుటుంబమునకు సంబంధించినవని తోచును గాని, కూలివాని దృష్టిలో రెండును ఒకే ఇంటి బాధలు.

1914వ సంవత్సరపు భారతీయుల ఉపశమన చట్టము పన్నును రద్దు చేసెను. ఏకపత్నీకమైన వివాహములను నమోదు చేసికొనుటకు వీలు కల్పించి, భారతీయ పురోహితులను వివాహాధికారులుగా నియమించుటకు అంగీకరించెను. స్థిరనివాసి యొక్క ఒక భార్యయు, ఆమె మైనరు బిడ్డలును ప్రవేశింపవచ్చును. 1918వ సంవత్సరపు సామ్రాజ్యసభ తీర్మానము దీనికి మరియొక నిబంధనను చేర్చినది. వచ్చు స్త్రీ ధర్మపత్నియే యనియు, వచ్చు బిడ్డలు ఆ దంపతుల బిడ్డలే యనియు భారతప్రభుత్వము ధ్రువీకరింపవలెను. తల్లిదండ్రులు, పురోహితుడు, పెద్దమనుష్యులు సాక్షులుగా నుండిన సంబంధమునకు అప్పటినుండి కాగితము సాక్షియయ్యెను.

3. తిరుగుప్రయాణము, మూయబడిన తలుపు

1927వ సంవత్సరపు కేపుటవును ఒడంబడిక భార్యాబిడ్డల ప్రవేశమునకు 1918 నాటి తీర్మానమునే ఆధారము చేసికొనెను. దానితోపాటు స్వదేశమునకు మరలిపోవు భారతీయులకు పెద్దలకు 20 పౌనులు, బిడ్డలకు 10 పౌనులు ఇచ్చుటకు ఏర్పాటు చేసెను. మూడేండ్లు మించి దేశమునకు వెలుపల నున్నవారు తిరిగి వచ్చు హక్కును కోల్పోవుదురు. గడువులోపల రాదలచినవారు పుచ్చుకొన్న సొమ్మును, ఓడఖర్చును చెల్లింపవలెను.

ఈ నిబంధన యొక్క ఫలితము కుటుంబములలో విచిత్రముగా కనబడినది. మరలిన భర్త తెలుగుదేశమున పుట్టినవాడు కావచ్చును. అతని భార్యయు బిడ్డలును నేటాలులో పుట్టి, ఆ నేలను తప్ప వేరొక నేలను ఎరుగనివారు కావచ్చును. భర్తకు అది స్వగ్రామము, భార్యకు పరదేశము. ఇట్లు మరలివచ్చినవారి దుస్థితిని స్వయముగా పరిశీలించి భవానీదయాళు సన్యాసి, బనారసీదాసు చతుర్వేది 1931లో ఒక నివేదికను ప్రకటించిరి. సొంతయూరిలో బంధువులు చేరదీయక, కులకట్టుబాటులో చోటు దొరకక, చేతిసొమ్ము కరిగిపోయి రేవుపట్టణములలో తిరుగాడిన కుటుంబముల స్థితి అందు వివరింపబడినది.

ఆ కాలముననే మన ఆంధ్రుడైన కూర్మా వెంకటరెడ్డినాయుడుగారు 1929నుండి 1932 వరకు దక్షిణాఫ్రికాలో భారతప్రభుత్వ ప్రతినిధిగా నుండిరి. 1931లో డర్బనులో ఆంధ్రమహాసభ స్థాపితమైనది. తెలుగు బడులను నడుపుట, పండుగలను జరుపుట, పెండ్లితంతులను మాతృభాషలో నిలుపుట ఆ సంఘజీవనములో భాగములైనవి. భార్య స్వదేశమునుండి వచ్చినంతకాలము ఇంటిలో కొత్త తెలుగు వినబడుచుండెను. వంట, పాట, నోము, సామెత ఆమె వెంట వచ్చుచుండెను. కావున కోడలి ప్రవేశము భాషకు కూడ ప్రాణవాయువు వంటిది.

ఆ తలుపు 1953లో మూయబడినది. ఆ సంవత్సరపు ప్రవేశచట్ట సవరణ వలన దక్షిణాఫ్రికా భారతీయులు దేశమునకు వెలుపల పెండ్లాడిన భార్యలను, వెలుపల పుట్టిన బిడ్డలను తెచ్చుకొను హక్కును కోల్పోయిరి. నలుబది యేండ్ల క్రితము చెరసాలకు పోయి సాధించినది ఒక్క శాసనముతో పోయెను. సరిగా ఆ యేడే బళ్లారి తాలూకా మైసూరులో కలిసినది. ఇచట సరిహద్దు గీచినను కోడలు దాటివచ్చెను. అచట కోడలిని ఆపుటకే సరిహద్దు గీచిరి. 1961 వరకు ఆ దేశప్రభుత్వము భారతీయులను శాశ్వతజనములో భాగముగానే అంగీకరింపలేదు. ఈ విధముగా ఆంధ్రదేశముతో వియ్యములు తెగి, పెండ్లిండ్లు నేటాలులోని కుటుంబముల నడుమనే జరుగవలసివచ్చెను. తెలుగు క్రమముగా ఇంటిభాష స్థానము కోల్పోయి, గుడిలోను సభలోను మిగులుటకు బడులు మూతపడుట, ఇంగ్లీషు ప్రాబల్యము మొదలగు కారణములతో పాటు ఈ శాసనమును ఒక కారణముగా చెప్పుట అతిశయోక్తి కాదు.

ఈ కథకు మరియొక మలుపు కలదు. వర్ణవివక్ష తొలగి కొత్త సంవిధానము వచ్చిన పిమ్మట, 2000వ సంవత్సరమున దక్షిణాఫ్రికా సంవిధాన న్యాయస్థానము దావూదు వ్యాజ్యములో తీర్పు నిచ్చెను. పౌరుల విదేశీయ జీవితభాగస్వాములకు దేశమున నుండు అనుమతిని ఏ నియమమును లేక అధికారి యిష్టమునకు వదలిన చట్టభాగము చెల్లదని నిర్ణయించెను. కలిసి కాపురము చేయుట మానవుని గౌరవములో భాగమని ఆ తీర్పునకు మూలమైన సూత్రము. 1913లో మరియొక న్యాయస్థానము కాదన్నదానిని ఎనుబదియేడేండ్ల పిమ్మట ఆ దేశమే అవునన్నది.

4. బర్మా: మేస్త్రీ వెంట పోయినవారు

బర్మాకు పోయిన తెలుగువారి స్థితి వేరు. కోరంగి రేవు పేరిట బర్మీయులు వీరిని కోరంగీలనిరి. మేస్త్రీలు బయానా ఇచ్చి తీసికొనిపోయిన ఈ కూలీలలో అధికులు ఒంటరి పురుషులు. కాపురము ఊరిలో, కూలి రంగూనులో. కొందరు అచటనే బర్మీయ స్త్రీలను పెండ్లాడిరి. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా భారతదేశమునుండి వేరుపడుటతో ఒకే ప్రభుత్వముక్రింద నుండిన దంపతులు రెండు ప్రభుత్వములవారైరి. ఇట్టి వివాహములలో బౌద్ధస్త్రీ హక్కులను కాపాడుటకు 1939లో అచట ప్రత్యేకచట్టము వచ్చెను.

1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు కొండదారులను పట్టి కాలినడకన మరలిరి. ఆ పరుగు తరువాతి పౌరసత్వవిచారమునకు కూడ చిక్కు తెచ్చెను. స్వతంత్రబర్మా సంవిధానము ప్రకారము బ్రిటిషు రాజ్యములలో పుట్టినవాడు పౌరసత్వము కోరవలెనన్న, 1942 జనవరి 1వ తేదీకి గాని సంవిధానము అమలునకు వచ్చిన నాటికి గాని ముందున్న పదేండ్లలో ఎనిమిదేండ్లు అచట నివసించియుండవలెను. ఊరికిని రంగూనునకును మధ్య తిరుగుచుండిన కూలికి అట్టి నివాసమును చూపు కాగితములెచటివి? దరఖాస్తు చేయక నిలిచిన భర్త విదేశీయుడైనాడు. అతని బర్మీయ భార్య స్వదేశిని. 1963, 64 సంవత్సరములలో అంగళ్లు, వ్యాపారములు జాతీయము చేయబడిన పిమ్మట లక్షకు పైగా భారతీయులు మరల ఓడలెక్కిరి. విశాఖపట్టణములోని బర్మాక్యాంపు పేరు ఆ చరిత్రకు గుర్తుగా నిలిచియున్నది. 1982వ సంవత్సరపు బర్మా పౌరసత్వచట్టము పెండ్లిమాత్రముచేత విదేశీయునకు పౌరసత్వము రాదనియు, పెండ్లిమాత్రముచేత పౌరునకు పౌరసత్వము పోదనియు స్పష్టపరచెను.

5. అమెరికా: పెండ్లాడి పౌరసత్వము కోల్పోయినవారు

అమెరికాలో చట్టము ఇంకొక విపరీతమునకు పోయినది. 1907వ సంవత్సరపు శాసనము విదేశీయుని పెండ్లాడిన అమెరికా స్త్రీకి స్వదేశ పౌరసత్వము లేకుండ చేసెను. 1922లో కేబులు చట్టము దానిని సవరించెను గాని, పౌరసత్వమునకు అర్హత లేని విదేశీయుని పెండ్లాడినవారిని మినహాయించెను. మరుసటి యేడు, 1923లో, తిండు వ్యాజ్యమున అచటి సర్వోన్నత న్యాయస్థానము హిందూదేశీయులకు ఆ అర్హత లేదని తీర్పు చెప్పెను. కావున భారతీయుని పెండ్లాడిన అమెరికా స్త్రీ తన పుట్టినదేశములోనే పరదేశి యయ్యెను. ఆ మినహాయింపు 1931లో తొలగెను. 1946వ సంవత్సరపు చట్టము భారతీయులకు పౌరసత్వార్హతను, సాలునకు సుమారు నూరుమంది ప్రవేశమును కలిగించెను.

భీమవరమున పుట్టిన మహావైజ్ఞానికుడు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము ఈ కాలమునకు చెందినది. ఆయన హార్వర్డులోను, పిమ్మట లెడర్లే సంస్థలోను పరిశోధనలు చేసి 1948లో అచటనే మరణించిరి. భార్య స్వదేశముననే ఉండిపోయినది. దంపతులు మరల కలిసికొనలేదు. దీనికి చట్టమొక్కటే కారణమని చెప్పరాదు. కాని చట్టము అనుకూలముగా లేని కాలమున ఎడబాటు ఎంత సులభముగా శాశ్వతమగునో ఆ జీవితము తెలుపుచున్నది. ఆయన తుదివరకు అమెరికా పౌరుడు కాలేదు. 1965వ సంవత్సరపు చట్టము జాతుల కోటాలను తొలగించిన పిమ్మట తెలుగు వైద్యులు, ఇంజనీర్లు సకుటుంబముగా పోసాగిరి. ఐనను పనికి పోయినవాని భార్య అచట పనిచేయరాదను నిబంధన చిరకాలము నిలిచి, 2015లో కొందరికి మాత్రము సడలినది.

6. స్వదేశ చట్టము, మన కర్తవ్యము

ఇతరదేశముల తప్పులను ఎంచునప్పుడు మన చట్టమును కూడ పరిశీలించుట న్యాయము. 1955వ సంవత్సరపు భారత పౌరసత్వచట్టము మొదట పౌరుల భార్యలకు మాత్రమే వివాహము మూలముగా నమోదగు అవకాశమిచ్చినది. భారతస్త్రీని పెండ్లాడిన విదేశీయ పురుషునకు ఆ దారి లేదు. 1986 సవరణ దానిని ఉభయులకును సమానము చేసినది. నేడు అట్టివారు దరఖాస్తుకు ముందు ఏడేండ్లు ఈ దేశమున నివసించియుండవలెను. విదేశమున పుట్టిన బిడ్డకు తండ్రి మూలముననే గాక తల్లి మూలమున కూడ భారతపౌరసత్వము సంక్రమించుట 1992 డిసెంబరు 10వ తేదీనుండి మాత్రమే. ముల్కీ నిబంధననుండి ఇంతవరకు వచ్చిన మార్పును చూచిన, భార్య భర్తకు నీడ యను భావము మన దేశములోను మెల్లమెల్లగనే తొలగినదని తేలును.

ఈ చరిత్రనుండి సరిహద్దుసీమవారు గ్రహింపదగిన విషయములు రెండు కలవు. మొదటిది, కాపురమునకు చట్టము సాక్షి కావలెనన్న కాగితము అవసరము. 2006లో భారత సర్వోన్నత న్యాయస్థానము వివాహములన్నింటిని నమోదు చేయవలెనని ఆదేశించెను. కర్ణాటకమున 1976వ సంవత్సరపు చట్టము, ఆంధ్రప్రదేశమున 2002వ సంవత్సరపు చట్టము అందులకై కలవు. వరుడు బళ్లారివాడై, వధువు రాయదుర్గముదై, పెండ్లి ఆదవానిలో జరిగి, కాపురము సముద్రమునకు ఆవల పెట్టు రోజులివి. లగ్నపత్రికను భద్రపరచినట్లే నమోదుపత్రమును భద్రపరచుట, ఇంటిపేరును అన్ని పత్రములలో ఒకే తీరున వ్రాయించుట నేటాలు నేర్పిన పాఠము.

రెండవది, కోడలి వెంట భాష పోవును, కోడలి వెంట భాష వచ్చును. ఆమెను ఆపిన దేశములో ఆ భాష ఎండినది. బళ్లారిలో ఎల్ల మారినను తెలుగు నిలుచుటకు ఆదవానినుండియు, రాయదుర్గమునుండియు నేటికిని నిరాటంకముగా వచ్చుచున్న కోడండ్రు కూడ కారకులు. వారిని ఏ అధికారియు ఏ రేవునను ఆపి, నీవు ఎవరి భార్యవని అడుగలేదు.